చిన్న ట్రైమరాన్ పక్కకి పడితే అక్కడే ఆగాలి, బోర్లా పడకూడదు: ఏం చేయాలి?

తమ్ముడూ, ముందు నీ సంగతి నాకు అర్థమైనంత వరకు చెబుతా, తప్పైతే సరిచెయ్. నీది ట్రైమరాన్, అంటే మధ్యలో ఒక పడవ, దానికి రెండు పక్కలా దూలాలతో కట్టిన ఫ్లోట్లు (తేలే గొట్టాలు) ఉండే తెరచాప పడవ. ప్లైవుడ్‌తో ఇంటి దగ్గరే కట్టుకున్న 14 అడుగుల మధ్య పడవ, రెండు పక్కలా 3 మీటర్ల పొడవున్న 160 ఎంఎం పీవీసీ పైపులు ఫ్లోట్లుగా, ఈ చివరి నుంచి ఆ చివరికి వెడల్పు 3 మీటర్లు, మాస్ట్‌కి (తెరచాప కట్టే నిలువు స్తంభానికి) 2 అంగుళాల అల్యూమినియం పైపు 6 మీటర్లు, 8 చదరపు మీటర్ల తెరచాప, మనిషి ఎక్కకుండా మొత్తం బరువు 110 కిలోలు. విజయవాడ పున్నమి ఘాట్ అవతల కృష్ణలో ఒక్కసారిగా గాలి కొట్టి పడవ పక్కకి ఒరిగింది, నువ్వు ఈదుకుంటూ దాని దగ్గరికి వచ్చేలోపే పూర్తిగా తలకిందులైంది, మాస్ట్ కొన బురదలో దిగబడి వంగింది, ఇంజిన్ బోటు వాళ్లు వచ్చి లాగితేగానీ లేవలేదు. ఇప్పుడు అడుగున 20 కిలోల సీసం కట్టాలా, ఫ్లోట్లు ఇంకా దూరంగా పెట్టాలా, మాస్ట్ పైన ఏదైనా తేలేది కట్టాలా అని అడుగుతున్నావు.

మాస్ట్ పైన కట్టు. సీసం వద్దు. వెడల్పు పెంచే ఆలోచన అసలే వద్దు. ఎందుకో చెప్పకుండా ఇలా తేల్చేస్తే నువ్వు వినవని తెలుసు, ఇంజనీరింగ్ చదివేవాడివి కాబట్టి లెక్కతోనే చెబుతాను.

ట్రైమరాన్ నిలబడేది బరువు వల్ల కాదు, వెడల్పు వల్ల. అడుగున ఇనుమో సీసమో ఉన్న కీల్ పడవ పక్కకి పడితే ఆ బరువే దాన్ని తిరిగి లేపుతుంది. మన పడవకి అలాంటి బరువేమీ లేదు, దాని స్థిరత్వమంతా రెండు పక్కల ఫ్లోట్లు దూరంగా ఉండటం లోనే ఉంది. తలకిందులైనా ఆ ఫ్లోట్లు అంతే దూరంలో ఉంటాయి కదా, అంటే నిటారుగా ఎంత గట్టిగా నిలబడుతుందో బోర్లా పడ్డాక కూడా ఇంచుమించు అంతే గట్టిగా నిలబడుతుంది. 1989లో న్యూజిలాండ్ దగ్గర రోజ్ నోయెల్ అనే ట్రైమరాన్ అల దెబ్బకి బోర్లా పడింది. అందులో ఉన్న నలుగురు 119 రోజులు ఆ బోర్లా పడ్డ పడవలోనే, దాని మీదే బతికి చివరికి గ్రేట్ బారియర్ ద్వీపం ఒడ్డుకి చేరారు. మునగకపోవడం గొప్పే. కానీ అన్ని రోజుల్లో ఆ సముద్రపు అలలన్నీ కలిసినా దాన్ని తిరిగి నిటారుగా తిప్పలేదు, అదీ గమనించు. నువ్వు వెడల్పు 3 నుంచి 4 మీటర్లు చేస్తే పడటం కాస్త తగ్గుతుంది, పడ్డాక లేపడం మాత్రం నీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి పడకుండా చేయడం అనే మాట కాసేపు పక్కన పెట్టు. చిన్న తెరచాప పడవ అన్నాక పడుతుంది. హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవలు (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు) నడిపే పిల్లలు పడటం, లేవడం రోజూ చేస్తూనే ఉంటారు, నేనూ అక్కడే నేర్చుకున్నాను. ట్రైమరాన్‌తో తేడా ఏంటంటే పక్కకి పడ్డ చోటే అది ఆగాలి. మాస్ట్ నీళ్ల మీద పడుకుని ఉండగా ఆగితే మనిషి లేపగలడు, అక్కడ దాటిపోతే కథ వేరే.

అక్కడ ఎందుకు ఆగదంటే మూడు కారణాలు కలిసి వస్తాయి. ఒకటి మాస్ట్, తెరచాప, బూమ్ (తెరచాప అడుగు అంచుని పట్టే అడ్డ కర్ర) బరువు. అవి పక్కకి చాచి ఉన్నాయి, నీళ్లలోకి లాగుతుంటాయి. రెండోది నీ పడవకి ప్రత్యేకం, కింద మునిగిన ఫ్లోట్. దాంట్లో గాలి ఉంది కాబట్టి అది పైకి రావాలని చూస్తుంది, సరిగ్గా 90 డిగ్రీల దగ్గర అది మధ్య పడవకి నేరుగా కింద ఉంటుంది, కాస్త అటు జరిగినా ఇటు జరిగినా ఆ వైపే తిప్పేస్తుంది. పడేటప్పటి ఊపు ఎటూ అవతలికే ఉంటుంది కాబట్టి బోర్లా వైపే తిప్పుతుంది. మూడోది గాలి. మనం గాలి తెరచాపని పడగొట్టే వరకే ఆలోచిస్తాం, కానీ పడ్డాక కూడా గాలి ఆగదు కదా, ఇప్పుడు పడవ అడుగు భాగం, పైకి లేచిన ఫ్లోట్, మధ్యలో కట్టిన టార్పాలిన్ పట్టా అన్నీ గోడలా నిలబడి ఉంటాయి, గాలి వాటిని వెనక నుంచి నెట్టి మాస్ట్‌ని ఇంకా కిందికి తోస్తుంది. నువ్వు ఈదుకుంటూ వచ్చేలోపు తలకిందులైందన్నావు, ఆ కొద్దిసేపట్లో జరిగింది ఇదే.

ఇప్పుడు లెక్క. తిప్పే బలం అంటే బరువు గుణించు దూరం. కిలోల్లో, మీటర్లలో లెక్కేస్తున్నాను, వచ్చే అంకె కిలో గుణించు మీటరు, హైవే మీద కిలోమీటరు అనుకోకు. నీ మాస్ట్ 5 కిలోలు ఉంటుంది, తెరచాప, బూమ్, తాళ్లు కలిపి ఇంకో 6 అనుకుందాం, వీటి మధ్య బిందువు దాదాపు 2.7 మీటర్ల దూరంలో. 11 ఇంటూ 2.7 అంటే సుమారు 30. మునిగిన ఫ్లోట్: 160 ఎంఎం పైపు 3 మీటర్లంటే 60 లీటర్లు, దాని సొంత బరువు పోను 50 కిలోలు పైకి తంతుంది. 90 దాటి 10 డిగ్రీలు వెళ్తే పక్క దూరం 26 సెంటీమీటర్లు, అంటే 13. పైన ఉన్న ఫ్లోట్ బరువు వల్ల ఇంకో 3. ఇక గాలి: గంటకు 36 కిలోమీటర్ల గాలి అడ్డంగా ఉన్న పలక మీద చదరపు మీటరుకు సుమారు 7 కిలోల బలం చూపిస్తుంది. నువ్వు కూర్చోడానికి కట్టిన పట్టా, పై ఫ్లోట్, పడవ అడుగు వీటన్నిటి మీదా పడేది, దానికి ఎదురుగా నీళ్లలో మునిగిన భాగం అడ్డుకునేది కలిపితే 45 దాకా వస్తుంది. మొత్తం 90 చిల్లర. ముతక లెక్కే, 10 అటూ ఇటూ ఉంటుంది, కానీ ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియడానికి ఇది చాలు.

ఆ 90ని సీసంతో ఆపాలనుకో. డాగర్‌బోర్డు (మధ్య పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) చివర 20 కిలోలు, 80 సెంటీమీటర్ల దూరం, 16 వచ్చింది. అంతే. దానికోసం ప్రతి ప్రయాణంలో 20 కిలోలు మోస్తావు, పడవ నీళ్లలో ఇంకా లోతుగా కూర్చుంటుంది. అదే మాస్ట్ కొసన 20 లీటర్ల గాలి పెడితే 20 ఇంటూ 6, 120. బరువు కిలో కూడా ఉండదు. అందుకే సీసం గురించి ఇక మాట్లాడను.

లెక్క ప్రకారం 15 లీటర్లు సరిపోవాలి. కానీ పడవ మెల్లగా పడదు, ఊపుతో పడుతుంది, ఆ ఊపుని కూడా ఆపాలి, పైగా పడగానే మనిషి కంగారులో మాస్ట్‌నో బూమ్‌నో పట్టుకుని వేలాడతాడు, అదీ అటువైపు బరువే. నేనైతే 25 నుంచి 30 లీటర్లు పెడతాను. వీడియోల్లో వేరే ట్రైమరాన్ల మీద చిన్న బుడగ చూసి అదే కాపీ కొట్టకు. వెటా అనే కంపెనీ ట్రైమరాన్ 4.4 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, మాస్ట్ కార్బన్, బరువులన్నీ వేరు. పెద్ద ఫ్లోట్లున్న పడవ పక్కకి పడితే ఆ ఫ్లోట్ ఒక్కటే మొత్తం బరువు మోస్తుంది, మధ్య పడవ గాల్లోనే ఉంటుంది, అలాంటప్పుడు మాస్ట్ కొన 90 దాటి ఇంకో 10, 15 డిగ్రీలు ఒరిగితేగానీ నీళ్లని తాకదు, అప్పటికే ఊపు అందుకుని ఉంటుంది. నీ ఫ్లోట్ 60 లీటర్లే, 110 కిలోల పడవని మోయలేక మునుగుతుంది, మధ్య పడవ కూడా నీళ్ల మీదే పడుకుంటుంది, మాస్ట్ వెంటనే నీళ్లని తాకుతుంది. ఈ ఒక్క విషయంలో చిన్న ఫ్లోట్ నీకు మేలే చేస్తోంది.

నా అంకెలు నమ్మక్కర్లేదు, కొలుచుకో. లగేజీ తూచే చిన్న కాటా ఒకటి కొను. గాలి లేని ఉదయం పూట, పడవ వైపు ఫ్లోట్ నేలకి తగలనంత, అంటే రెండు మీటర్ల లోతు, మాస్ట్ కొన వైపు ఛాతీ లోతు ఉండే చోట, లైఫ్ జాకెట్లు వేసుకుని ఇద్దరు ముగ్గురు స్నేహితులతో పడవని పక్కకి పడుకోబెట్టండి, మాస్ట్ కొనకి కాటా తగిలించి నీళ్ల మట్టం దగ్గర పట్టుకో. కాటా ఎన్ని కిలోలు చూపిస్తే గాలి లేనప్పుడు నీకు కొసన అన్ని లీటర్లు కావాలన్నమాట, ఎందుకంటే ఒక లీటరు మంచినీళ్లు పక్కకి తొలగితే ఒక కిలో మోస్తుంది. తర్వాత కొనని ఇంకాస్త కిందికి వదిలి, అంటే నీళ్లలోకి ఒక మీటరు దాకా, మళ్లీ చదువు. దానికి గాలి కోసం ఇంకో 8 కలుపు, మొత్తాన్ని ఒకటిన్నర రెట్లు చెయ్, అదే నీ సైజు. ఈ పని చేసిన వాళ్లు అరుదు, అందరూ ఫుట్‌బాల్ కట్టేసి అయిపోయిందంటారు. 5వ నంబరు ఫుట్‌బాల్ అయిదున్నర లీటర్లే తమ్ముడూ.

దేంతో చేయాలి అంటే, ముందు ప్రయోగానికి మన ఇళ్లలో ఉండే 20 లీటర్ల వాటర్ టిన్ను చాలు. మూత దగ్గర నీళ్లు వెళ్లకుండా టేపు గట్టిగా చుట్టి మాస్ట్ పైన కట్టి చూడు, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఘాట్ మీద జనం నవ్వుతారు, పని మాత్రం చేస్తుంది. శాశ్వతంగా అయితే అది వద్దు, ఎండకి పగులుతుంది, మూత ఎప్పటికైనా మోసం చేస్తుంది. మంచిది గట్టి నురుగు ముక్క. థర్మోకోల్ అయితే 30 లీటర్ల ముక్క అరకిలో చుట్టుపక్కలే ఉంటుంది, దాన్ని రెక్కలా సన్నగా కోసి పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ వెయ్యి. ఇక్కడ జాగ్రత్త, ఆటోనగర్‌లో మామూలుగా దొరికే పాలియెస్టర్ రెసిన్ థర్మోకోల్ మీద పోస్తే థర్మోకోల్ కరిగిపోతుంది, కళ్లముందే గుంట పడిపోతుంది. ఎపాక్సీ మాత్రమే వాడాలి. రబ్బరు సొల్యూషన్ లాంటి ఘాటు వాసన గమ్ములూ అంతే, తెల్ల ఫెవికాల్ మాత్రం ఏమీ చేయదు. ఎపాక్సీ ఖర్చెక్కువ అనుకుంటే టీవీలు, ఫ్రిజ్‌లు ప్యాక్ చేసే తెల్లటి ఈపీఈ షీట్ పొరలు పొరలుగా చుట్టి, పైన టార్పాలిన్ సంచి కుట్టించు, అది నీళ్లు పీల్చదు, దెబ్బ తగిలినా పగలదు.

ఇంకో దారి 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు. పదిహేను సీసాలు గుడ్డ తొడుగులో వరసగా పెట్టి మాస్ట్ పై భాగానికి కట్టచ్చు, ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి. కానీ పదిహేనూ కొసనే పట్టవు, కిందికి జారినకొద్దీ దూరం తగ్గి బలం తగ్గుతుంది, కాబట్టి లెక్క కంటే కొన్ని ఎక్కువ పెట్టాలి. తెరచాప ఎక్కించే తాడుకి అడ్డం రాకుండా చూసుకో.

పైన బరువు పెడితే పడవ ఇంకా తేలిగ్గా పడదా అని అడుగుతావు. కిలో బరువు 6 మీటర్ల ఎత్తులో ఉంటే పడవ బాగా ఒరిగినప్పుడు కూడా 6కి మించి తీయదు, నీ ఫ్లోట్ ఇచ్చేది 60 ఇంటూ 1.5, అంటే 90. గాలి ఆనడం వల్ల వచ్చేది ఇంకా తక్కువ, సన్నగా చేస్తే రెండో మూడో. ఆ మాత్రానికి భయపడకు, కిలోన్నర దాటకుండా చూసుకో.

ఇక చాలామంది వదిలేసేది మాస్ట్ లోపలి ఖాళీ. నీ అల్యూమినియం పైపు 6 మీటర్లకి బయటి కొలత ప్రకారం 12 లీటర్ల దాకా ఉంటుంది. రెండు చివరలూ, మధ్యలో రివిట్ కొట్టిన బెజ్జాలూ మూసేస్తే పైపు బరువు 5 పోను 7 కిలోలు తేలుతుంది, మధ్య బిందువు 3 మీటర్ల దగ్గర, అంటే 20 దాకా నీ వైపు. మూయకపోతే లోపలికి 10 లీటర్ల నీళ్లు వెళ్తాయి, తేలడం పోయి మునగడం మొదలవుతుంది, పైగా లేపేటప్పుడు ఆ 10 కిలోలు నువ్వే ఎత్తాలి. రెండు చివరలా ఒక జానెడు లోపలికి నురుగు బిరడా దోపి పైన సిలికాన్ పట్టించు. రివిట్లకి మామూలు పాప్ రివిట్ కాకుండా కొస మూసి ఉండే రకం అడుగు, అవి దొరక్కపోతే ఒక్కోదాని మీద ఎపాక్సీ చుక్క వెయ్యి. వంగిన మాస్ట్ ఎలాగూ మారుస్తున్నావు కాబట్టి కొత్త పైపుకి ముందే ఈ పని చేసుకో. మూశాక ఘాట్ మెట్ల దగ్గర నీళ్లలో ముంచి ఆ చివర నుంచి ఈ చివర దాకా బుడగలు వస్తున్నాయేమో చూడు. వెదురు మాస్ట్ వాడే వాళ్లకి ఈ గొడవ లేదు, కణుపుకి కణుపుకి మధ్య గది సహజంగానే మూసి ఉంటుంది, నెర్రె పడితే మాత్రం ఒక్కో గదీ నీళ్లు తాగుతుంది.

తెరచాప పై మూలలో నురుగు షీట్ కుట్టించడం కూడా చేస్తారు, డింగీల (చిన్న తెరచాప పడవల) మీద చూస్తూనే ఉంటాం. అది ఒక్కటే నీకు చాలదు, 5, 6 లీటర్లకి మించి పట్టదు. తెరచాప కిందికి దించేస్తే అదీ కిందికే వచ్చేస్తుంది. అదనంగా ఉంటే మంచిదే.

పట్టా సంగతి. కూర్చోడానికి రెండు పక్కలా టార్పాలిన్ బిగించానన్నావు. తీసెయ్. దాని బదులు వల కట్టు, మన చేపల వలల దుకాణంలో మందపు నైలాన్ వల దొరుకుతుంది, క్రికెట్ నెట్ కూడా చాలు. గాలి లెక్కలో వచ్చిన 45లో సగానికి పైగా ఆ టార్పాలిన్ వల్లే. వల అయితే గాలి దూరిపోతుంది, పడవని లేపేటప్పుడు నీళ్లు కూడా వెంటనే కారిపోతాయి.

పీవీసీ పైపుల గురించి ఒక మాట. మూతలు సొల్యూషన్‌తో అంటించేశాం, ఇక లీకు లేదు అనుకోకు. మే నెలలో ఘాట్ మీద ఎండలో పైపు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, నీళ్లలో దింపగానే చల్లబడి లోపలికి పీలుస్తుంది, ఎక్కడ సన్న పగులున్నా నీళ్లు లాక్కుంటుంది. ఇలా పది లీటర్లు ఎక్కిన ఫ్లోట్ ఉన్న వైపే పడవ పడుతుంది, నువ్వేమో గాలిని తిట్టుకుంటావు. ఒక చివర స్క్రూ మూత పెట్టి, లోపల 2 లీటర్ల సీసాలు దోపెయ్, అవి ఆ పైపులో సులువుగా పడతాయి. ప్రతిసారీ పడవ దింపే ముందు మూత తీసి ఒంచి చూడు.

ఇక అసలు ఎందుకు పడింది అనే దానికి వద్దాం, ఎందుకంటే నీ లెక్కలోనే జవాబు ఉంది. 8 చదరపు మీటర్ల తెరచాప మీద 36 కిలోమీటర్ల గాలి అంటే 56 కిలోలు, అది పని చేసే ఎత్తు దాదాపు 2.9 మీటర్లు, తోసే బలం 160. ఫ్లోట్ పూర్తిగా మునిగినా ఆపగలిగేది 90. నువ్వు మధ్యలో కూర్చుంటే పడాల్సిందే. గాలి వచ్చే వైపు వల మీదికి జరిగి కూర్చుంటే నీ 70 కిలోల వల్ల ఇంకో 84 వస్తుంది, అప్పుడు బొటాబొటీగా నిలుస్తుంది. అదే గాలి 25 కిలోమీటర్లయితే బలం సగానికి పడిపోతుంది, మధ్యలో కూర్చున్నా ఏమీ కాదు. అంటే నీ పడవకి 25కి, 36కి మధ్యే గీత ఉంది, ఆ గీత దగ్గర తెరచాప కుదించాలి. 8 మీటర్ల తెరచాపని 5కి తగ్గించేలా తెరచాపకి అడ్డంగా ఒక వరస బెజ్జాలు, వాటిలో కట్టే తాళ్లు కుట్టించుకో.

ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య గాలి ఒక తీరున ఉండదని నీకు చెప్పక్కర్లేదు. కొండ చాటు దాటగానే ఒక్కసారి కొడుతుంది. నీళ్ల మీద నల్లగా ముడతలు పరుచుకుంటూ వస్తుంటే అది నీ దగ్గరికి చేరకముందే తెరచాప తాడు వదులు చెయ్యాలి. ఆ తాడుని క్లీట్‌లో (తాడుని కదలకుండా పట్టే బిగింపులో) బిగించి ఫోన్ తీసి ఫోటోలు దిగుతావు చూడు, అక్కడే పడేది. తాడు చేతిలోనే ఉండాలి. చేతికి నొప్పి అంటే ఇంకో పుల్లీ వెయ్యి, క్లీట్ మాత్రం తీసెయ్. ఏప్రిల్, మే సాయంత్రాలు పడమట మబ్బు కమ్మితే గాలివాన రాకముందే ఒడ్డుకి వచ్చెయ్, అప్పుడొచ్చే గాలికి నేను చెప్పిన లెక్కలేవీ పనికిరావు, గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు.

ఇదంతా చేశాక పక్కకి పడి ఆగింది అనుకో. ముందు తెరచాప తాడు పూర్తిగా వదిలెయ్, ఎక్కడా చుట్టుకోకుండా చూడు. తర్వాత కంగారుపడకుండా కాసేపు ఆగు. మాస్ట్ కొసన బుడగ ఉంటే అది నీళ్లలో ఆనుకుని లంగరులా పని చేస్తుంది, పడవ మిగతా భాగం గాలికి కొట్టుకుపోతూ మెల్లగా తిరుగుతుంది, చివరికి మాస్ట్ గాలి వచ్చే వైపుకి తిరిగి ఉంటుంది. లేపడానికి సరైన స్థితి అదే, కొన కాస్త లేవగానే గాలి తెరచాప కిందికి దూరి మిగతా పని చేసేస్తుంది. తిరగకపోతే మధ్య పడవ ముందు కొసని పట్టుకుని ఈదుతూ తిప్పు. మాస్ట్ మొదలు దగ్గర ముందే కట్టి ఉంచిన ముడుల మోకుని మధ్య పడవ మీదుగా అడుగు వైపుకి విసిరి, అటు వెళ్లి, డాగర్‌బోర్డు మొదట్లో కాళ్లు ఆనించి, మోకు పట్టుకుని వెనక్కి వాలు. గుంజకు, వాలి ఉండు. తెరచాపలోంచి నీళ్లు కారడానికి కాస్త సమయం పడుతుంది.

లేచేటప్పుడు పైన ఉన్న ఫ్లోట్, అడ్డ దూలాలు నువ్వున్న వైపే దిగుతాయి. మధ్య పడవకి దగ్గరగా, రెండు దూలాల మధ్యలో ఉండు, వల నీ నెత్తి మీదికి వస్తుంది, దాని కింద ఊపిరికి చోటుంటుంది, నీళ్లలో తల వంచి ముందు నుంచో వెనక నుంచో బయటికి రా. మోకుని నడుముకి గానీ చేతికి గానీ చుట్టుకోవద్దు, జాకెట్‌కి చిన్న చాకు ఒకటి కట్టుకుని ఉండు. హోబీ అనే పడవల కంపెనీ చేసే ఐలాండ్ రకం ట్రైమరాన్లలో అయితే ఒక పక్క ఫ్లోట్ మడిచేసి లేపుతారు, నీ దూలాలు మడత పడేవి కావు కాబట్టి ఆ పద్ధతి నీకు కుదరదు.

ఇంతా చేసినా బోర్లా పడితే? నీ ఫ్లోట్లు చిన్నవి కావడం ఇక్కడా కలిసొస్తుంది. ఒక ఫ్లోట్ మీద నిలబడితే నీ 70 కిలోలకి అది మునుగుతుంది, ఎదుటి ఫ్లోట్‌కి కట్టిన మోకు పట్టుకుని వెనక్కి వాలితే మెల్లగా 90కి వస్తుంది. ఇద్దరుంటే మేలు. అయితే ఇదంతా మాస్ట్ కింద తగలకుండా ఉన్నప్పుడే. ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం అంటేనే 12 అడుగులు, పైకి వెళ్లేకొద్దీ ఇసుక మేటలు, పూడిక. 6 మీటర్ల మాస్ట్‌కి ఆ లోతు చాలదు, బోర్లా పడే దారిలోనే కొన బురదలో గుచ్చుకుంటుంది, నీకు జరిగిందీ అదే. అప్పుడు పడవని తిప్పాలని చూడకు, ముందు మాస్ట్‌ని అది గుచ్చుకున్న వాలులోనే వెనక్కి లాగి బయటికి తీయాలి. ఇంజిన్ బోటుతో అడ్డంగా లాగించినప్పుడే మాస్ట్ వంగి ఉంటుందని నా అనుమానం. లోతైన సముద్రంలో ఉన్నవాళ్లు ఈ బుడగని సౌకర్యం కోసం పెట్టుకుంటారేమో గానీ మన బ్యారేజీ నీళ్లలో మాస్ట్ దక్కాలంటే అది ఉండాల్సిందే.

సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తానన్నావు. ఇప్పుడే వద్దు. అక్కడ ఒడ్డు దగ్గర విరిగే అలలు పడవని పక్కకి కాదు, ముక్కు మీద కొట్టి పడేస్తాయి, దానికి ఈ లెక్క సరిపోదు. ముందు కృష్ణలో, మనుషులు చూస్తున్న చోట, కావాలని పడేసి లేపడం నేర్చుకో.

చోటు ఎంచుకునేటప్పుడు బ్యారేజీ గేట్ల వైపు కొట్టుకుపోయే చోట వద్దు. పడిపోయిన పడవ నీ మాట వినదు, నీళ్లు ఎటు లాగితే అటే. నదిలో పడవ దింపడానికి ఎవరి అనుమతి కావాలో ఘాట్ దగ్గర బోట్లు నడిపే వాళ్లని, ఇరిగేషన్ ఆఫీసులో అడిగి తెలుసుకో. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయాక నిఘా పెరిగింది, పెరగాల్సిందే కూడా. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో పడేసి కాదు. తల మీదుగా పోయే కరెంటు లైన్ల కిందికి అల్యూమినియం మాస్ట్‌తో వెళ్లకు, పడవని ట్రాలీ మీద మాస్ట్ నిలబెట్టి ఘాట్ దాకా తోసుకెళ్లడమైతే అస్సలు వద్దు. హోబీ వాళ్లు మాస్ట్ పైభాగాన్ని అల్యూమినియం మానేసి ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టింది తీగలు తగిలి జరిగిన ప్రమాదాల వల్లే.

ఆగస్టు, సెప్టెంబరుల్లో పై నుంచి వరద వదిలే రోజుల్లో పడవని నీళ్లలో కట్టి ఉంచకు. 2024 సెప్టెంబరులో కట్లు తెంచుకున్న బోట్లు వచ్చి బ్యారేజీకి గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మలు) దెబ్బతిన్నాయి, అవి నీ పడవకి ఎన్నో రెట్లు బరువున్న ఇనుప బోట్లు. ఫ్లోట్లు విప్పి, మధ్య పడవని ఇంటికి తీసుకెళ్లి బోర్లించి పెట్టుకో, మాస్ట్ చివరల సిలికాన్ ఆ నెలల్లోనే తీరిగ్గా మళ్లీ పట్టించచ్చు.